వినియోగ మెఱుగని వినియోగ విద్య

విద్యకు పేరు పెట్టుట సులభము. పెట్టిన పేరును సార్థకము చేయుట కష్టము. మన విశ్వవిద్యాలయము లొసగుచున్న పట్టములలో మాస్టర్ ఆఫ్ కంప్యూటర్ అప్లికేషన్స్ అనునది యొకటి. జనులు దీనిని ఎం.సి.ఏ. యందురు. ఈ పేరులోని అప్లికేషన్ అను మాటకు వినియోగ మని యర్థము. కంప్యూటరును నిర్మించుట యొక విద్య. దాని సిద్ధాంతములను శోధించుట మఱియొక విద్య. దానిని మానవుని నిత్యకృత్యములకు వినియోగించుట మూడవ విద్య. ఎం.సి.ఏ. ఈ మూడవ కోవకు జెందినది. కావున ఆ పట్టము పొందివచ్చిన యువకుని మన మడుగదగిన ప్రశ్న యొక్కటియే కలదు: నాయనా, నీవు నేర్చిన దానిని ఎవరి పనికి వినియోగించితివి? ఈ ప్రశ్నకు నేడు మట్టెవాడ వీథులలో లభించు ప్రత్యుత్తరము సంతోషకరముగా లేదు.

ఓరుగల్లు విద్యకు పేదపట్టణము కాదు. 1959 అక్టోబరులో జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన గావించిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల ఇచ్చటనే వెలసి, 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థయైనది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయ మేర్పడినది. రాష్ట్రమందలి ఎం.బి.ఏ., ఎం.సి.ఏ. ప్రవేశములకై జరుగు ఐసెట్ పరీక్షను అనేక సంవత్సరములు నడపినది ఈ విశ్వవిద్యాలయమే. 2020 జనవరిలో మడికొండయందు పెద్ద సాఫ్ట్‌వేరు సంస్థలు కార్యాలయములు తెఱచినవి. గురువులున్నారు, గదులున్నవి, యంత్రములున్నవి. ఉన్నను కొఱత యెచ్చట నున్నది? పాఠ్యక్రమమునకును, ఊరికిని నడుమ నున్నదని మా యభిప్రాయము.

ఈ పట్టము పుట్టిన సందర్భము నొకసారి జ్ఞప్తికి దెచ్చుకొనుట మేలు. కంప్యూటరు మనకు పరదేశపు వింతగా మాత్రమే రాలేదు. ఆంధ్రుడైన అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున 1967లో హైదరాబాదునందు నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ, రెండేండ్లలోనే, అనగా 1969లో, టి.డి.సి. 12 అను కంప్యూటరును తయారు చేసినది. మన గడ్డపై మన చేతులతో యంత్రము సిద్ధమైనది. కాని దానిని పనికి బెట్టువారు చాలినంతమంది లేకపోయిరి. ఇంజనీర్లు కొలదిమంది. వారితో బ్యాంకుల పద్దులు, రైళ్ల టిక్కెట్లు, కర్మాగారముల జీతపు పట్టీలు యంత్రమున కెక్కించుట సాధ్యము కాదు. అప్పుడు ఆచార్య వి. రాజారామన్‌గారి అధ్యక్షతన గల సంఘము చేసిన సూచనల ఫలితముగా 1980 తరువాతి సంవత్సరములలో ఎం.సి.ఏ. యను మూడేండ్ల చదువు దేశమున వ్యాపించినది. బి.ఎస్సీ., బి.కాం. చదివినవారికి గణితజ్ఞానముండిన చాలును. మూడు సంవత్సరములు శ్రద్ధగా నేర్పి, కడపటి యర్ధసంవత్సరము నిజమైన పనిలో నిలిపి, వారిని సమర్థులను చేయవచ్చునను విశ్వాసము ఆ యేర్పాటునకు పునాది. అది గొప్ప విశ్వాసము. ఇంజనీరింగు సీటు దొరకని సామాన్య గృహస్థుని బిడ్డకు తెఱచిన రెండవ ద్వార మది.

ఆ ద్వారము 2020లో కొంత ఇఱుకైనది. ఆ విద్యాసంవత్సరము మొదలుకొని అఖిలభారత సాంకేతిక విద్యామండలి ఎం.సి.ఏ. కాలమును మూడేండ్లనుండి రెండేండ్లకు దగ్గించినది. కారణము లేకపోలేదు. బి.సి.ఏ. చదివి వచ్చినవాడు మొదటి సంవత్సరమున తాను నేర్చినదే మరల నేర్చుచుండెను. వానికొక యేడు, వాని తండ్రికొక యేటి వ్యయము మిగులుట న్యాయమే. కాని తక్కినవారి గతి యేమి? వాణిజ్యము చదివిన బాలిక, గణిత భౌతికములు చదివిన బాలుడు, పల్లెలో ఇంటరు వఱకు తెలుగుననే చదువుకొన్న బిడ్డ, వీరికి ఆ తొలి యేడు పునరుక్తి కాదు, అదియే పునాది. ఆ పునాదికి బదులుగా బ్రిడ్జి కోర్సు అను పేర నొక చిన్న చదువును నియమించిరి. వంతెన యను పేరు బాగుగనే యున్నది. కాని కాగితముపై గీసిన వంతెనమీదుగా ఏఱు దాటినవా డెవ్వడును లేడు.

పాఠ్యక్రమములోని బరు వెంతటిదో పాఠకులకు దెలియుటకై కొంచెము వివరింతుము. రెండేండ్లలో, సామాన్యముగా మొదటి మూడు సెమిస్టర్లయందు విద్యార్థి యొకటి రెండు ప్రోగ్రామింగు భాషలు నేర్వవలెను, వివిక్తగణితము చదువవలెను, సమాచారమును యంత్రములో నేరీతిగా నమర్చిన త్వరగా దొరకునో తెలుపు డేటా స్ట్రక్చర్లు, యంత్రము తన పనులను తానే పంచుకొను విధమును దెలుపు ఆపరేటింగు సిస్టములు, లెక్కల నిలువకు డేటాబేసులు, ఊరికిని ఊరికిని వార్త నడపు నెట్‌వర్కులు, పెద్ద పనిని పదిమంది కలిసి చేయు క్రమమును నేర్పు సాఫ్ట్‌వేరు ఇంజనీరింగు, వీని నన్నింటిని దాటవలెను. నాలుగవ సెమిస్టరు ప్రాజెక్టునకు వదలబడును. పునాది గలవానికే యిది శ్రమ. పునాది లేనివాడు మొదటి నెలలోనే వెనుకబడును. వెనుకబడినవాడు సిగ్గుపడి యడుగడు. అడుగనివాడు వల్లె వేయును. వల్లె వేసి పరీక్ష గట్టెక్కవచ్చును గాని ప్రోగ్రాము వ్రాయుట సాధ్యము కాదు.

ఇచ్చట మొదటి మాట చెప్పెదము. ఈ శాస్త్రములోని మూలభావములు పరాయివి కావు. వానిని చెప్పు దృష్టాంతములే పరాయివి. గ్రాఫు అను గణితభావమును పాఠ్యగ్రంథములు మన పిల్లవా డెన్నడును జూడని దేశాంతర నగరములతో బోధించును. కాకతీయుల నాటినుండి ఓరుగల్లు సీమలో గొలుసుకట్టు చెఱువులున్నవి గదా! పై చెఱువు నిండి మత్తడి దూకిన నీరు దిగువ చెఱువున జేరును; అది నిండిన మఱియొకదానికి బోవును. ఏ చెఱువునుండి ఏ చెఱువునకు ద్రోవ గలదు, ఒక కట్ట తెగినచో ఏవి నిండును, ఏవి యెండును అని యడిగినచో గ్రాఫు సిద్ధాంతమున సగము చెప్పినట్లే. డేటాబేసు పాఠమున ఒకే సమాచారమును పలుచోట్ల వ్రాయరాదను నియమము గలదు. చిట్టీల వ్యాపారమునకు పేరుమోసిన యీ పట్టణములో, ఒకే సభ్యుని పేరు అయిదు పుస్తకములలో అయిదు విధముల వ్రాసి, పాటనాడు తగవులాడుకొనుట యెఱుగని యిల్లు తక్కువ. ఆ తగవే యా నియమమునకు భాష్యము. ఏనుమాముల మార్కెటులో మిర్చి బస్తాలు తూకమునకై వరుస గట్టును. ముందు వచ్చినది ముందు తూగవలెను. తడిసిపోవుచున్న సరుకున కేమైన మినహాయింపు గలదా? ఆపరేటింగు సిస్టములో పనుల వరుసను నిర్ణయించు ప్రశ్నయు నిదియే. ఇట్లు బోధించుట శాస్త్రమును దిగజార్చుట కాదు. శాస్త్రమును విద్యార్థి గడపలోనికి గొనివచ్చుట.

ఇంతకంటె బాధాకరమైన విషయము కడపటి సెమిస్టరునకు సంబంధించినది. వినియోగ విద్యకు ప్రాణము ప్రాజెక్టు. ఆ ప్రాణము నేడు అంగటి సరుకైనది. హైదరాబాదు అమీరుపేటలోనే కాదు, చిన్న పట్టణములలోను ప్రాజెక్టులమ్ము దుకాణము లున్న సంగతి విద్యార్థులకు, తల్లిదండ్రులకు, అధ్యాపకులకు దెలిసిన రహస్యమే. జావా కావలెనా, పైథాను కావలెనా యని యడుగుదురు, ధర చెప్పుదురు, ప్రోగ్రామును, నివేదికను, మౌఖికపరీక్షలో చెప్పవలసిన నాలుగు మాటలను గూడ కలిపి యిచ్చెదరు. అట్టపై బంగారు అక్షరములు ముద్రింపబడును. లోపలి విషయము మాత్ర మేటేట నొక్కటియే: గ్రంథాలయ నిర్వహణము, వైద్యశాల నిర్వహణము, విద్యార్థుల హాజరు.

గ్రంథాలయ నిర్వహణ మను పేరు విన్నప్పుడు మాకు నవ్వును దుఃఖమును ఒక్కసారియే కలుగును. ఈ పేరు గల ప్రాజెక్టులు ఏటేట నెన్నియో సమర్పింపబడుచున్నవి. వానిని సమర్పించువారిలో నెందఱు ఒక గ్రంథాలయములో నడుగిడి, గ్రంథపాలకుని కష్టమేమని యడిగిరి? మన పఠనమందిరములలో పుస్తకముల పట్టికలు నేటికిని చేతివ్రాతలో నుండి, చిరిగిన చోట నంటింపబడి, ఏ పుస్తక మెచ్చట నున్నదో ఒక్క వృద్ధుని జ్ఞాపకశక్తిపై నాధారపడి యున్నవి గలవు. ఒకవైపున గ్రంథాలయ నిర్వహణ ప్రాజెక్టులు గుట్టలుగా పేరుకొనుచుండగా, మఱియొకవైపున గ్రంథాలయము నిర్వహణకై యెదురుచూచుచున్నది. రెంటికిని నడుమ నాలుగు వీథుల దూరము లేదు. ఈ నాలుగు వీథులు నడిపింపలేని చదువును వినియోగ విద్య యనుట యెట్లు?

తప్పంతయు విద్యార్థిపై మోపుట న్యాయము కాదు. పునాది వేయకుండ మేడ కట్టుమన్నవా రెవరు? ఏ విషయమైనను సరే, నివేదిక దళసరిగా నుండిన జాలునన్నవా రెవరు? విద్యార్థి తన యింటి స్థితిని జూచుకొని, గట్టెక్కు త్రోవ వెదకుకొనుచున్నాడు. కాని నష్టపడుచున్నది వాడే. ఉద్యోగపరీక్షలో నిజముగా ప్రోగ్రాము వ్రాయుమన్న దినమున బంగారు అక్షరముల యట్ట వానిని గాపాడదు. అప్పుడు మరల రుసుము గట్టి, మరల శిక్షణాలయముల మెట్లెక్కును. ఒకే విద్యకు ఒకే కుటుంబము రెండుసారులు వెల చెల్లించుచున్నది. పెక్కుమంది విద్యార్థుల రుసుము ప్రభుత్వమే భరించుచున్నది గనుక ప్రజాధనమును వ్యయమగుచున్నది. ధనమిచ్చు ప్రజలకు ఫలమేదని యడుగు నధికారము గలదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట నీ సమస్య మఱింత తీవ్రమైనది. ఇప్పుడు దుకాణమునకు బోనక్కఱలేదు. అడిగిన క్షణమున యంత్రమే ప్రోగ్రాము వ్రాసి యిచ్చును. ఇందుకై కొందఱు యంత్రమును నిషేధింపవలె నందురు. మే మట్లనము. సాధనమును శపించి లాభము లేదు. కాని యంత్రము వ్రాయలేని దొకటి గలదు: చిట్టీల గుమాస్తా ప్రక్కన కూర్చుండి, ఆయన చెప్పిన దానిని, చెప్పక దాచిన దానిని, చెప్పుటకు మాట దొరకని దానిని గ్రహించుట. ప్రోగ్రాము వ్రాయుట చౌకయైన కొలది, ఏది వ్రాయవలెనో యెఱుగుట ప్రియమగుచున్నది. అందులకు గావలసిన మనుష్యులు, కష్టములు, భాష మన యూరిలోనే యున్నవి.

కార్యము లేవని యెవరైన నందురేమో! 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను వానలు పెచ్చుపెరిగి ఓరుగల్లు, హనుమకొండ కాలనీలు నీట మునిగినవి. రెండవసారి భద్రకాళి చెఱువుకట్టకు గండి పడినది. ఏ నాలా యెచ్చట నిఱుకైనది, ఏ వీథిలో నీరు మోకాలి లోతున నిలిచినది, ఇంటింట నడిగి పటముపై గుర్తించు పని యొక తరగతి విద్యార్థులకు చాలినంత గలదు. కొత్తవాడ నేతగాండ్ర జంపకానాలకు 2018లో ఓరుగల్లు పేర భౌగోళిక గుర్తింపు లభించినది. ఏ మగ్గమున ఏ రకము సిద్ధమగుచున్నదో, నూలు ఖర్చెంతో, కొనువానికి నేతగాని పేరు తెలియునట్లు లెక్క వ్రాయించు పని యింకొకటి. సహకారసంఘములకు పేరు దెచ్చిన ముల్కనూరు మనకు దూరము గాదు. 1956లో నారంభమైన ఆ సంఘపు వంటి గ్రామసంఘముల పద్దులలో నేర్వవలసినది యే పాఠ్యగ్రంథమునకును దీసిపోదు. ఇక తెలుగు భాష మాట యుండనే యున్నది. 1991లో యూనికోడు తన తొలి సంపుటముననే తెలుగు లిపికి స్థానమిచ్చినది. బమ్మెర పోతన పేరు గల తెలుగు అక్షరరూపము కంప్యూటర్లలో వెలసినది. అక్షరమునకు గలిగిన యాసన మింకను అంగడి రసీదునకు, ఆసుపత్రి చీటికి, మార్కెటు తూకపు పట్టీకి చాలవఱకు గలుగలేదు. ఆ పని యెవరు చేయవలెను?

ఆక్షేపణ లుండును. మొదటిది: రెండేండ్లలో నింత కెక్కడి సమయమని. ప్రాజెక్టునకై నేడు కేటాయించిన కాలమునే మేమడుగుచున్నాము. అదనముగా దినమైన నడుగుట లేదు. కొనుగోలున కైదు నిమిషములు చాలునుగాన తక్కిన కాలమేమగుచున్నదో పరీక్షింపవలెను. రెండవది: ఊరి పనివలన ఉద్యోగము రాదని. మే మిట్లు ప్రత్యుత్తర మిచ్చెదము. పెద్ద సంస్థ యైనను అడుగునది, నీవు చేసిన దేమి, ఎవరికి బనికివచ్చినది, ఎచ్చట తప్పిపోయినది, ఎట్లు సరిదిద్దితివి యనియే. నిజముగా దప్పు చేసి దిద్దుకొన్నవాడే దీనికి జవాబు చెప్పగలడు. మూడవది: తెలుగు పట్టుకొన్నచో బిడ్డలు వెనుకబడుదురని. ఇంగ్లీషును మానుమని మే మనుట లేదు. గ్రంథములు, కొలువులు దానియందే యున్న సంగతి యెఱుగుదుము. అర్థమగుట తెలుగున, వ్యక్తపఱచుట ఇంగ్లీషున జరిగిన దోషమేమి? 2021లో సాంకేతిక విద్యామండలియే ఇంజనీరింగును తెలుగుతో సహా కొన్ని దేశభాషలలో బోధించుటకు కళాశాలల కనుమతి నిచ్చినది. ఇంజనీరింగునకు దగిన భాష ఎం.సి.ఏ. బ్రిడ్జి కోర్సునకు దగదా?

కావున మేము కోరునవి నాలుగు. ఒకటి, బ్రిడ్జి కోర్సు మొదటి సెమిస్టరునకు ముందుగానే సంపూర్ణముగా జరుగవలెను. తెలుగు మాధ్యమమునుండి వచ్చినవారికి తెలుగున వివరణ మీయవలెను. రెండు, ప్రాజెక్టు విషయమును ఊరిలోని యొక నిజమైన యక్కఱనుండి గ్రహింపవలెను. ఎవరి యక్కఱయో వారి సంతకముతో గూడిన లేఖ నివేదికలో మొదటి పుట కావలెను. మూడు, మౌఖికపరీక్షలో ఆ యక్కఱ గలవాడు గూడ కూర్చుండవలెను. పరీక్షకుడు కోరిన చిన్న మార్పును విద్యార్థి యచ్చటనే చేసి చూపవలెను. ఏల చేసితివన్న ప్రశ్నకు తెలుగున జవాబు చెప్పు స్వాతంత్ర్య ముండవలెను. కొన్నవాడును, యంత్రముచే వ్రాయించుకొని చదువనివాడును ఈ పరీక్షలో నిలువజాలరు. నాలుగు, ముగిసిన పనిని బీరువాలో బూడ్చక, కళాశాల దానిని నిలువ యుంచి మఱునాటి తరగతికి నప్పగింపవలెను. ఒకరు కట్టిన గోడపై నొకరు గోడ లేపవలెను. వీనిలో నేదియు కొత్త భవనమును గాని, కోట్ల నిధిని గాని కోరదు.

పట్టణ గృహస్థులకును ఒక మాట. విద్యార్థి వచ్చి మీ లెక్కలు చూపుమన్న, పని చెడగొట్టవచ్చితివా యని కసరకుడు. కాని జాగ్రత్త యవసరము. పదిమంది పేర్లు, ఫోను నంబర్లు, అప్పుల వివరములు విద్యార్థి చేతి కీయరాదు. వ్యక్తుల సమాచార రక్షణకై 2023లో చట్టమును వచ్చినది. కల్పిత నామములతో నమూనా లెక్కలిచ్చి పని చేయించుకొనవచ్చును. ఆ జాగ్రత్తయు విద్యలో భాగమే.

కడపట నొక పాతకథ. 1918లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినప్పుడు శాస్త్రములను దేశభాషయగు ఉర్దూలో బోధించిరి. దేశభాషలో నున్నతశాస్త్రము సాధ్యమే యని యది నిరూపించినది. కాని జనబాహుళ్యపు భాషయైన తెలుగున కందు బోధనాస్థానము కలుగలేదు. మన పెద్దలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. అంతకు బూర్వమే, 1904లో, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నెలకొల్పిరి. ఆస్థానము చేయని పనిని ఊరు చేసికొన్నది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కొన్ని పుస్తకములు, చదువవలెనను పట్టుదల, ఇవియే మూలధనము.

నేడు మన చేతిలో అంతకంటె వేయిరెట్లు సాధనము గలదు. కావలసినది మొదటి యడుగు మాత్రమే. ఈ సంవత్సరము ప్రాజెక్టునకు విషయము వెదకుచున్న మట్టెవాడ విద్యార్థికి మేమొక విషయమును సూచించుచున్నాము: ధర కనుగొనుటకు ముందు ఒక్క సాయంకాలము నీ వీథిలోని పఠనమందిరమునకు వెళ్లుము. గ్రంథపాలకుని ప్రక్కన కూర్చుండి, తాతా, ఏ పుస్తకము దొరకక మీరు నేడు విసిగితి రని యడుగుము. ఆయన చెప్పు జవాబే నీ ప్రాజెక్టునకు మొదటి పుట.